ఈల వేయడమే నా ఉద్యోగం!

ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి మంచిది కాదని మా మామ్మ అనేది. ఆ లెక్కన మా ఇంటికి ఎప్పుడో ఏదో అయిపోయి ఉండాలి. ఎందుకంటే ముప్ఫై ఏళ్లు నేను జీతం తీసుకున్నదే ఈల వేసినందుకు! 1994లో విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పి.ఇ.టి.గా చేరాను. 2024లో రిటైరయ్యాను. ఈ మధ్యలో కొన్ని వందల మంది ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పాను. మండలం నుంచి రాష్ట్ర స్థాయి దాకా మ్యాచ్‌లకు రిఫరీగా, అంపైర్‌గా నిలబడ్డాను.

పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళితే, "మీరు ఏ సబ్జెక్టు చెబుతారండీ?" అని అడిగేవారు. "గేమ్స్" అంటే, "ఓహో, అంతేనా!" అనేవారు. లెక్కల టీచరంటే ఒక గౌరవం, ఇంగ్లీషు టీచరంటే ఇంకో గౌరవం. డ్రిల్ టీచరంటే మాత్రం ప్రేయర్‌లో పిల్లల్ని లైన్లో నిలబెట్టే మనిషని లెక్క. ఇంక ఆ టీచరు ఆడమనిషైతే సరేసరి. "ఎండలో పడి నల్లబడిపోతున్నావు, ట్రాన్స్‌ఫర్ పెట్టుకోకూడదూ!" అని జాలిపడేవారు కూడా ఉన్నారు.

వారికి నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే. గ్రౌండులో ఆడ టీచరు ఉన్న బడిలో ఆడపిల్లల ఆట పదో తరగతి దాకా సాగుతుంది. లేని బడిలో ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, చేసిన మూడు బళ్లలోనూ కళ్లారా చూసింది.

ముగ్గుపిండితో మొదలు

నేను చేరిన రోజున ఆ బడి గ్రౌండులో సగం తుమ్మ పొదలు, సగం ఎవరివో గేదెలు. స్టోర్ రూములో గాలిలేని ఫుట్‌బాల్ ఒకటి, చిరిగిన నెట్ ఒకటి, తుప్పు పట్టిన ఇనుప గుండు ఒకటి. హెడ్మాస్టరు గారు మంచివారే. "అమ్మా, ఉన్నదాంతో సర్దుకోవాలి మరి" అన్నారు.

కబడ్డీకి పెద్ద సామాను అక్కరలేదు కదా, అదే ఎంచుకున్నాను. మన పల్లెల్లో చెడుగుడు అంటే తెలియనివారు ఎవరు? ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మగవాళ్లదైతే 13 మీటర్లు, 10 మీటర్లు. కోర్టు మూలలు సరిగ్గా రావాలంటే ఒక చిట్కా ఉంది. తాడు మీద వరసగా 3, 4, 5 మీటర్ల ఎడంతో ముడులు వేసి త్రికోణంలా లాగితే మూల తిన్నగా కుదురుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ తాడు పట్టుకుని, "మేడమ్, ఇది పైథాగరస్ కదా!" అన్నారు. లెక్కల మాస్టారు ఆ రోజు నుంచి నాకు మంచి స్నేహితుడయ్యారు. ఇక గీతలంటారా, తెల్లవారుజామున లేచి వాకిట్లో ముగ్గులు పెట్టే చేతులకు అదో లెక్కా! ముగ్గుపిండి డబ్బా ఇస్తే పిల్లలే పావుగంటలో గీసేసేవారు.

పట్నం చదువరుల కోసం ఒక్క మాట చెబుతాను. కబడ్డీలో అవతలి కోర్టులోకి వెళ్లడాన్ని మనవాళ్లు కూతకు వెళ్లడం అంటారు. 'కబడ్డీ కబడ్డీ' అన్న కూత తెగకుండా, అందరికీ వినపడేలా ఉండాలి. గొంతు తగ్గితే అవుట్. ఇంట్లో "గట్టిగా మాట్లాడకే, ఆడపిల్లవి" అని పెంచిన పిల్లకు గొంతు విప్పి కూత పెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. మొదటి నెల రోజులూ నేను నేర్పింది పట్టూ కాదు, పరుగూ కాదు, కూతే. చింతచెట్టు కింద వరసగా నిలబెట్టి, అవతల రోడ్డు మీద నేను నిలబడేదాన్ని. నాకు వినపడేదాకా కూత పెట్టాలి. నెల తిరిగేసరికి ఆ పిల్లలు క్లాసులో కూడా చెయ్యెత్తి జవాబులు చెబుతున్నారని మిగతా టీచర్లు అన్నారు.

ఎనిమిదో తరగతి గీత

ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు మగపిల్లల కంటే హుషారుగా ఆడతారు. ఎనిమిదిలో కొందరు మానేస్తారు. తొమ్మిదికి వచ్చేసరికి టీము సగమవుతుంది. ఎందుకంటారు? కాళ్లలో బలం తగ్గా? కాదు. పెద్దమనిషైంది, ఇంక గంతులేంటని ఇంట్లో అంటారు. బట్టలు ఇబ్బంది. సాయంత్రం ఆలస్యమైతే రోడ్డు భయం. నెలసరి వస్తే ఎవరికి చెప్పాలో తెలియదు. మగ మాస్టారికి చెప్పలేక, "కడుపునొప్పి సార్" అని ఒక మూల కూర్చుంటుంది. రెండు నెలలు అలా కూర్చుంటే మూడో నెల టీములో పేరుండదు.

మా మొదటి టీములో ఒక పిల్ల తల్లి జూట్ మిల్లులో పనిచేసేది. షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకే వచ్చేసింది. "ఏటి మేడమూ! ఎదిగిన గుంటని నిక్కరేసి పదిమంది మగోళ్ల ముందు ఆడిస్తారా?" అని నిలదీసింది. ఆమె కోపంలో తప్పేముంది? "అప్పా, నిక్కరు వద్దు. పాదాల దాకా ట్రాక్ ప్యాంటు వేయిద్దాం, పైన వదులు టీషర్టు. ప్రాక్టీసులో గ్రౌండులోకి మగవాళ్లెవరూ రారు, గేటు దగ్గర నేనుంటాను" అన్నాను. "మీరుంటారా?" అంది. "రోజూ ఉంటాను" అన్నాను. అంతే. ఆ 'మీరుంటారా' అన్న మాటలోనే ఈ ఉద్యోగమంతా ఉంది.

అప్పటి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఇవి ఏ బడిలోనైనా పనికొస్తాయి.

నా గదిలో ఒక స్టీలు డబ్బా ఉండేది. కబడ్డీ నియమాల ప్రకారం ఒంటి మీద నగలుండకూడదు, గోళ్లు కత్తిరించుకోవాలి. గాజులు తీయడమంటే కొందరు తల్లులకు పట్టింపు. "ఆట అయ్యాక నా చేతులతో నేనే తొడుగుతాను" అని చెప్పేదాన్ని. దుద్దులు, గాజులు, పట్టీలు విడివిడిగా పొట్లాలు కట్టి, పేర్లు రాసి డబ్బాలో పెట్టేదాన్ని. ముప్ఫై ఏళ్లలో ఒక్క దుద్దు పోలేదు.

అదే బీరువాలో శానిటరీ నాప్‌కిన్లు, ఒక జత అదనపు ప్యాంట్లు ఉంచేదాన్ని. తాళం చెవి కెప్టెన్ దగ్గర ఉండేది, నన్ను అడగాల్సిన పని లేదు. నెలసరిలో ఆడకూడదని వైద్యం ఎక్కడా చెప్పదు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, బాగోకపోతే కూర్చోవచ్చు, అది ఆ పిల్ల ఇష్టం. కానీ ప్రతి నెలా రక్తస్రావం ఎక్కువవుతోంటే, మెట్లెక్కినా ఆయాసం వస్తోంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను చాలామంది కిటికీలోంచి విసిరేస్తారు. నేను నా ఎదుటే వేయించేదాన్ని. అదీ అన్నం తిన్నాక, లేకపోతే కడుపులో తిప్పుతుంది.

ఇక తిండి సంగతి. పోటీ రోజున పొద్దున్నే పూరీలు, బజ్జీలు పెట్టి పంపొద్దని తల్లులకు చెప్పేదాన్ని. ఆటకు రెండు మూడు గంటల ముందు ఇడ్లీలో, పెరుగన్నమో చాలు. మధ్యలో అరటిపండు, పల్లీపట్టీ. ఎండలో ఆడితే ఉప్పు, పంచదార కలిపిన నిమ్మనీళ్లు. ఇందులో ఖర్చేముంది చెప్పండి?

కాలు బెణికితే మనవాళ్లు వెంటనే నూనె రాసి మాలిష్ చేస్తారు. అలా చేయకూడదు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి. ఇంకో సంగతి. మోకాలి లోపలి లిగమెంట్ తెగే దెబ్బలు మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఎక్కువగా తగులుతాయి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, కొంచెం వంచి మెత్తగా దిగడం రోజూ పది నిమిషాలు సాధన చేయిస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఇలాంటివి తెలియాలంటే ట్రైనింగ్ ఉన్న టీచరే కావాలి. ఏదో ఖాళీగా ఉన్న మాస్టారిని గ్రౌండుకు పంపితే సరిపోదు.

ఊరు కాని ఊరికి

అసలు పరీక్ష పోటీల సీజనులో మొదలవుతుంది. మా వైపు గ్రిగ్స్ పోటీలంటే పండగే. మండలంలో గెలిస్తే డివిజన్‌కు, అక్కడి నుంచి జిల్లాకు, ఆ తర్వాత రాష్ట్రానికి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు అని మూడు విభాగాలుగా జరుగుతాయి. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే జాతీయ పోటీలు. ఆ సర్టిఫికెట్లు తర్వాత కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు పనికొస్తాయి. కానీ అక్కడికి చేరాలంటే పిల్ల రెండు మూడు రాత్రులు ఊరు కాని ఊళ్లో పడుకోవాలి.

బస ఏదో బడిలోనే ఉంటుంది. బెంచీలు పక్కకు లాగి, కింద దుప్పట్లు పరిచి పడుకోవడమే. వెళ్లగానే నేను ముందు చూసేది మరుగుదొడ్డి, దాని గడియ. తర్వాత లైట్లు. గది తలుపు లోపలి నుంచి వేసుకుని, తలుపుకు అడ్డంగా నా పక్క వేసుకునేదాన్ని. రాత్రి ఎవరు బయటకు వెళ్లినా ఇద్దరు కలిసే వెళ్లాలి, నన్ను లేపే వెళ్లాలి. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో, దిగిన ఊరి నుంచి మా ఊరి ఎస్.టి.డి. బూత్‌కు ఫోన్ చేసి, "అందరూ క్షేమం, అన్నాలు తిన్నారు" అని చెప్పేదాన్ని. ఆ బూత్ అబ్బాయి సైకిలేసుకుని ఇంటింటికీ చెప్పొచ్చేవాడు. ఆ ఫోనుకు నా డబ్బులు కొంత ఖర్చయి ఉంటాయి. కానీ మరుసటి ఏడాది ఆ తల్లులెవరూ నన్ను ప్రశ్నలడగలేదు.

అన్నీ ఇలా సుఖంగానే జరిగాయని చెప్పను. 1999లో మా బడి నుంచి ఒక అమ్మాయి రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. పదో తరగతి. గాలిలా వెళ్లి గాలిలా వచ్చేది. అంత చురుకైన పాదాలు నేను మళ్లీ చూడలేదు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వాళ్ల నాన్న వచ్చి, "సంబంధం కుదిరిపోయింది మేడమ్. గుంటని పంపలేం" అన్నాడు. పదిహేనేళ్లు దానికి. హెడ్మాస్టరు గారితో వాళ్లింటికి వెళ్లాను, సర్పంచ్ గారితో చెప్పించాను. "మంచి సంబంధం మళ్లీ వస్తాదా?" అన్నాడు ఆయన. ఆ అమ్మాయి గుమ్మం వెనక నిలబడి వింటోంది. ఒక్క మాట మాట్లాడలేదు. జట్టు ఆమె లేకుండానే వెళ్లింది.

2014లో ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల టీముకు పేరిచ్చింది. అనుమతి కాగితం మీద సంతకానికి తల్లి స్వయంగా వచ్చింది. ఎవరో కాదు, ఆ అమ్మాయే. "మేడమ్, దీన్ని ఎంత దూరమైనా తీసుకెళ్లండి. అవసరమైతే వంట చేయడానికి నేను కూడా వస్తాను" అంది. వచ్చింది కూడా! ఆ ఏడాది జిల్లా పోటీల్లో మా పదిహేను మందికీ వంట చేసింది ఆమే. ఖాళీ దొరికినప్పుడు గీత పక్కన నిలబడి, "కాలు చూసుకో, కాలు చూసుకో" అని కూతురి మీద అరిచేది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. ఆమె ఆట ఎంత దాకా వెళ్లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

గీత మీద నిలబడితే...

పిల్లలకు ఆట నేర్పడం ఒక ఎత్తు, ఇద్దరి మధ్య నిలబడి తీర్పు చెప్పడం ఇంకో ఎత్తు. కబడ్డీ మ్యాచ్‌కు ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు ఉంటారు. ఆడపిల్లల మ్యాచ్ పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో అయిదు నిమిషాల విరామం. ఒక్కో కూతకు 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో ఎనిమిది మంది కదులుతుంటారు. చెయ్యి తగిలిందా, ఎవరికి తగిలింది, కాలు గీత దాటిందా, కూత తెగిందా... అన్నీ చూడాలి. నా పద్ధతి ఏంటంటే, కళ్లు పాదాల మీద, చెవులు కూత మీద.

మొదట్లో మమ్మల్ని స్కోరు రాయడానికి మాత్రమే కూర్చోబెట్టేవారు. "మేడమ్‌గారి దస్తూరీ బాగుంటుంది" అనేవారు! నేను రిఫరీ పరీక్షకు కట్టాను. నియమాల మీద రాతపరీక్ష ఉంటుంది, మౌఖికంగా అడుగుతారు, మ్యాచ్ ఆడిస్తూ చూస్తారు. నియమాల పుస్తకం అన్నం వండుతూ చదివాను. మా ఆయన ప్రశ్నలడిగేవారు, నేను కూరలు తరుగుతూ జవాబులు చెప్పేదాన్ని. పాసయ్యాక కూడా మగపిల్లల మ్యాచ్ ఇవ్వడానికి వెనకాడేవారు. "కుర్రాళ్లు మాట వింటారా?" అని సందేహం. వింటారండీ! నియమం తెలిసిన మనిషి మాట ఎవరైనా వింటారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఒక జిల్లా స్థాయి ఫైనల్. ఆడపిల్లల మ్యాచే. పోటీలు జరిగే ఊరి జట్టు ఒక పాయింటు వెనకబడి ఉంది, ఆఖరి కూత. ఆ జట్టు పిల్ల వెళ్లి, మూలలో ఉన్న పిల్లను తాకి తిరిగొచ్చింది. జనం ఈలలు, కేకలు. కానీ కోర్టు పక్కన ఒక మీటరు వెడల్పున లాబీ అని ఉంటుంది. ఎదుటివాళ్లను తాకిన తర్వాతే అందులో కాలు పెట్టాలి. ముందే పెడితే అవుట్. ఒక అంపైరు చెయ్యి ముందు అన్నాడు, రెండో అంపైరు కాలు ముందు అన్నాడు. ఇద్దరు అంపైర్లకూ కుదరనప్పుడు తీర్పు రిఫరీది. నేను రిఫరీని. కాలు ముందు పడటం నేను చూశాను. అవుట్ ఇచ్చాను. ఊరి జట్టు ఓడిపోయింది.

ఇంకేముంది, జనం కోర్టులోకి వచ్చేశారు. ఊళ్లో పెద్దమనిషొకాయన మైకులోనే, "ఆవిడకు సరిగ్గా కనపడి ఉండదు, మళ్లీ ఆడించండి" అన్నాడు. నిర్వాహకుల్లో ఒకాయన నా దగ్గరకొచ్చి, "ఎందుకమ్మా గొడవ, ఊరివాళ్లు భోజనాలు కూడా పెడుతున్నారు" అని చెవిలో అన్నాడు. భయం వేయలేదంటే అబద్ధమే. కానీ ఎదురుగా నిలబడి ఉన్న ఆ పధ్నాలుగు మంది పిల్లలూ నన్నే చూస్తున్నారు. గెలిచినవాళ్లూ చూస్తున్నారు, ఓడినవాళ్లూ చూస్తున్నారు. పెద్ద గొంతు ఉన్నవాడు అరిస్తే గీత జరుగుతుందా, జరగదా? ఆ పిల్లలు ఆ రోజు తెలుసుకోబోయేది అదే. స్కోరు షీటు తెప్పించుకుని సంతకం పెట్టాను. ఓడిన జట్టు పి.ఇ.టి. మగాయనే. ఆయన వచ్చి జనాన్ని వెనక్కి నెట్టి, "రిఫరీ చెప్పింది చెప్పినట్టే. మా పిల్లలు వచ్చే ఏడు గెలుస్తారు" అన్నారు. ఆ పెద్దమనసు నేను మరచిపోలేను.

ఆ తర్వాత నన్ను స్కోరు టేబుల్ దగ్గర కూర్చోమన్నవారు లేరు. సీనియర్ మగపిల్లల మ్యాచ్‌లు కూడా ఇచ్చారు.

దారి చూపినవారు

ఆడవాళ్లకు ఈ రంగంలో పైకి వెళ్లే మెట్లు లేవని అనుకోవద్దు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారు ఆంధ్రా జట్టుకు క్రికెట్ ఆడారు. 2019లో అంతర్జాతీయ క్రికెట్ కౌన్సిల్ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ ఆవిడే. అదే ఏడాది డిసెంబరులో పురుషుల వన్డే మ్యాచ్‌కు రిఫరీగా వ్యవహరించిన మొదటి మహిళ కూడా అయ్యారు. 2022లో కతార్‌లో జరిగిన పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్‌కు చెందిన స్తెఫానీ ఫ్రపార్ మ్యాచ్ ఆడించారు. ఆ కప్ చరిత్రలో మెయిన్ రిఫరీగా నిలిచిన తొలి మహిళ ఆవిడ.

కోచింగ్ సంగతికొస్తే, మా కబడ్డీవాళ్లం ఎప్పుడూ చెప్పుకునే కథ ఒకటుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ ఫైనల్లో ఇరాన్ జట్టు మన జట్టును 27-24తో ఓడించింది. అంతకుముందు 2010లో, 2014లో స్వర్ణం మనదే. మరి ఆ ఇరాన్ అమ్మాయిలకు ఆట నేర్పిందెవరు? మహారాష్ట్రలోని నాసిక్‌కు చెందిన శైలజా జైన్ గారు! మన దేశం ఓడినందుకు బాధపడ్డానా, మన ఆడమనిషి గెలిపించినందుకు సంతోషించానా అంటే... రెండూ.

మన పిల్లలనే చూడండి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. ఆ అంశంలో ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి భారతీయురాలు. ఆమెలోని పరుగును ముందు పసిగట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చిన దీప్తి జీవాంజి వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల. ఆమెను కూడా బడి గ్రౌండులోనే గుర్తించారు. పతకం మెడలో పడ్డాక అందరూ చూస్తారు. పదేళ్ల ముందు చూడాల్సింది బడిలో ఉన్న టీచరు.

మీ అమ్మాయికి ఇష్టముంటే

ఆడే వయసు తక్కువ. ఆ తర్వాత కూడా ఆటలోనే బతకొచ్చని చాలామంది తల్లులకు తెలియదు. అందుకే ఈ వివరాలు చెబుతున్నాను.

ఇంటర్ తర్వాత రెండేళ్ల డి.పి.ఎడ్. చేయవచ్చు. డిగ్రీ అయితే రెండేళ్ల బి.పి.ఎడ్., ఆ పైన ఎం.పి.ఎడ్. తెలుగు రాష్ట్రాల్లో డి.పి.ఎడ్., బి.పి.ఎడ్. సీట్లకు పీఈసెట్ రాయాలి. ఇది కుర్చీలో కూర్చుని రాసే పరీక్ష కాదు. పరుగు, గెంతు, గుండు విసరడం, ఏదో ఒక ఆటలో నైపుణ్యం... ఇవన్నీ గ్రౌండులో చూస్తారు. కాబట్టి ఇంటర్ రెండేళ్లూ పుస్తకాలకే అతుక్కుపోయి, ఆటంతా మానేసిన పిల్ల ఇక్కడ వెనకబడుతుంది.

చదువయ్యాక ప్రభుత్వ బడుల్లో పోస్టులకు డి.ఎస్.సి. ఉంటుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకుల బాలికల పాఠశాలల్లో ఆడ పి.ఇ.టి.ల అవసరం ఎక్కువ. ప్రైవేటు బళ్లలో చేరితే ముందుగా జీతం, పని గంటలు కాగితం మీద రాయించుకోమని చెబుతాను. నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు బడిలోనే. గేమ్స్‌తో పాటు ఆఫీసు పని, ఫీజుల వసూలు కూడా చేయించుకుని, వేసవి సెలవులకు జీతం లేదన్నారు.

ఒకే ఆటలో కోచ్ కావాలనుకుంటే పటియాలాలో 1961 నుంచి నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. అక్కడి ఏడాది డిప్లొమాకు దేశమంతటా విలువుంది. ఉద్యోగంలో ఉన్నవారికి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు అనువుగా ఉంటుంది. రిఫరీ కావాలంటే ఆయా ఆటల రాష్ట్ర సంఘాలు పెట్టే పరీక్షల గురించి మీ జిల్లా క్రీడాధికారి ఆఫీసులో అడగొచ్చు. రిఫరీ పనితో ఇల్లు గడవదు, రోజు భత్యం, ప్రయాణ ఖర్చులు వస్తాయి. కానీ ఉద్యోగం చేస్తూ, లేదా ఇల్లు చూసుకుంటూ కూడా చేయగల పని ఇది.

కష్టాలు కూడా చెప్పాలి కదా. పోటీల సీజనులో ఆదివారాలు ఉండవు. మా అబ్బాయికి జ్వరమొచ్చిన రోజున నేను వేరే జిల్లాలో ఉన్నాను, మా అత్తగారు చూసుకున్నారు. ఎండకు ముఖం కమిలిపోతుంది, విజిల్ ఊది ఊది దవడలు నొప్పెడతాయి, నలభై దాటాక మోకాళ్లు పలకరిస్తాయి. ఇంట్లోవాళ్ల సాయం లేకపోతే ఈ ఉద్యోగం బరువే. ఉంటే మాత్రం, ఇంత ఆరోగ్యంగా, ఇంతమంది పిల్లల మధ్య బతికే ఉద్యోగం ఇంకొకటి లేదంటాను.

తల్లులకు ఒక్క మాట

మీ అమ్మాయి "అమ్మా, నన్ను టీములోకి తీసుకున్నారు" అని అనుమతి కాగితం తెస్తే, వెంటనే చదువు పాడవుతుందని కసరకండి. అలాగని కళ్లు మూసుకుని సంతకమూ పెట్టకండి. ముందు మూడు ప్రశ్నలడగండి. పిల్లలతో ఏ ఆడ టీచరు వెళుతున్నారు? రాత్రి బస ఎక్కడ? ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే నిశ్చింతగా పంపండి. రాకపోతే, ఆట మాన్పించకండి, బడికి వెళ్లి జవాబు తెచ్చుకోండి.

మీ బడిలో ఆటల టీచరే లేకపోతే అదీ అడగండి. 2009 విద్యాహక్కు చట్టంలోనే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి మించి పిల్లలున్న బడిలో వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని రాసి ఉంది. ఒక్క తల్లి అడిగితే "చూద్దామమ్మా" అంటారు. పదిమంది తల్లులు పేరెంట్స్ మీటింగులో లేచి అడిగితే పై ఆఫీసుకు కాగితం వెళుతుంది. వచ్చే నెల మీ బడిలో మీటింగు ఉంటే, మార్కుల సంగతి అయ్యాక, ఆడపిల్లల గ్రౌండు సంగతి కూడా ఒక్కసారి ఎత్తి చూడండి.